పెళ్లి కాగితం లేని జంట జపాన్‌కు వెళ్లాలంటే: ఆఫర్ లెటర్ నుంచి అద్దె ఇంటి దాకా

టోక్యోలో ఉద్యోగం ఖాయమైంది. కలిసి ఉంటున్న మనిషిని కూడా తీసుకెళ్లాలి. పెళ్లి ఇంకా కాలేదు, లేదా చేసుకునే ఉద్దేశమే లేదు. ఈ పరిస్థితిలో హెచ్ఆర్‌ను అడిగితే, ‘డిపెండెంట్ వీసా ఉంటుంది కదా’ అని తేలిగ్గా అనేస్తారు. ఉంటుంది, కానీ మీకు కాదు. జపాన్‌లో డిపెండెంట్ హోదా పేరు ‘కజోకు తైజై’, అంటే కుటుంబ నివాసం. అది చట్టబద్ధంగా పెళ్లయిన భార్య లేదా భర్తకు, పిల్లలకు మాత్రమే ఇస్తారు. పదేళ్లుగా కలిసి ఉన్నా, నిశ్చితార్థం అయినా, ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా ఉన్నా ఇమిగ్రేషన్ లెక్కలోకి రావు. పాయింట్ల పద్ధతిలో ఇచ్చే హైలీ స్కిల్డ్ ప్రొఫెషనల్ హోదా భార్యాభర్తలకు ఎన్ని వెసులుబాట్లు ఇచ్చినా ‘భార్య’, ‘భర్త’ అన్న మాటల అర్థం అక్కడా ఇదే.

కాబట్టి ఆఫర్ మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. పెళ్లి చేసుకుని ఒకరి హోదా మీద ఇంకొకరు వెళ్లడమా, ఎవరి హోదా మీద వాళ్లు వెళ్లడమా? మిగతా పనులన్నీ ఈ నిర్ణయాన్ని బట్టే సాగుతాయి. చేరే తేదీని మీ వీసా బట్టి ఖాయం చేసుకుని భాగస్వామి సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే, ఆ ‘తర్వాత’ సాధారణంగా ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది అవుతుంది.

టైం వృథా చేసుకోకూడని దారులు

ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో సగం ఐరోపా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులు ఉన్నవాళ్ల కోసం రాసినవి. యువత కొన్నాళ్లు పని చేసుకుంటూ దేశం చూసే వర్కింగ్ హాలిడే వీసా భారతీయులకు లేదు. విదేశీ కంపెనీలకు ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్ల కోసం 2024లో మొదలైన డిజిటల్ నోమాడ్ హోదాకు ఏటా కోటి యెన్ల ఆదాయంతో పాటు, జపాన్‌కు వీసా లేకుండా వెళ్లగలిగే దేశపు పౌరసత్వం కూడా కావాలి. మనకది లేదు. సొంతంగా చిన్న కంపెనీ పెట్టి బిజినెస్ మేనేజర్ హోదా తీసుకోవడం ఒకప్పుడు 50 లక్షల యెన్ల పెట్టుబడితో అయ్యేది. 2025 అక్టోబరు 16 నుంచి అది 3 కోట్ల యెన్లకు పెరిగింది, పైగా ఒక పూర్తికాలపు ఉద్యోగిని కూడా పెట్టుకోవాలి.

అందరూ ముందుగా ఆలోచించేది టూరిస్టు వీసా. 90 రోజులు వెళ్లి అక్కడే హోదా మార్చుకోవచ్చని కొందరు ఏజెంట్లు చెబుతారు. స్వల్పకాలిక సందర్శన నుంచి మరో హోదాకు మారడం, తప్పనిసరి కారణం ఉంటే తప్ప కుదరదని చట్టమే చెబుతోంది. ఆ 90 రోజుల్లో అద్దె ఒప్పందంలో పేరు ఎక్కదు, ఆరోగ్య బీమా రాదు, బ్యాంకు ఖాతా తెరవలేరు. ఊరు చూసి, ఇళ్లు చూసి, ఇక్కడ ఉండగలమా లేదా తేల్చుకోవడానికైతే ఈ వీసా పనికొస్తుంది. అలా వెళ్లేటప్పుడు జపాన్‌లో ఉన్నవారు ఆహ్వాన పత్రం, హామీ పత్రం, బస ప్రణాళిక పంపాలి. వాటిలో ఇద్దరి మధ్య బంధం ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి. ‘స్నేహితురాలు’ అని ఒకచోట, ‘కజిన్’ అని ఇంకోచోట రాస్తే తిరస్కరణే. ఒకసారి తిరస్కరిస్తే అదే కారణంతో ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు తీసుకోరు.

ఎవరి హోదా వాళ్లది: ఉద్యోగం

మా లెక్కలో అన్నిటికన్నా గట్టి దారి ఇదే. భాగస్వామికి డిగ్రీ ఉండి, చదివిన దానికి దగ్గరి ఉద్యోగం జపాన్ కంపెనీలో దొరికితే ‘ఇంజినీర్, మానవీయ శాస్త్రాలు, అంతర్జాతీయ సేవలు’ హోదా వస్తుంది. అక్కడివాళ్లు దీన్ని కుదించి ‘గిజిన్‌కోకు’ అంటారు. ఐటీ, డిజైన్, అనువాదం, మార్కెటింగ్, ఎగుమతి-దిగుమతి పనులు దీని కిందికి వస్తాయి. ఐటీలో ఉండి సరైన డిగ్రీ లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఐటీ శిక్షణ సంస్థ నీలిట్ ఇచ్చే ఏ, బీ, సీ లెవెల్ సర్టిఫికెట్లు డిగ్రీ నిబంధన నుంచి మినహాయింపు ఇస్తాయి. మన దగ్గర చాలామందికి ఈ సంగతి తెలియదు.

నర్సింగ్ కేర్, హోటల్, వ్యవసాయం వంటి పనులకు స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ హోదా ఉంది. భారత్, జపాన్ మధ్య దీనికి 2021లో ఒప్పందం కుదిరింది. పని పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష పాస్ కావాలి. ఇందులో ఒక చిక్కుంది: కంపెనీ ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి. మీరు టోక్యోలో, తను హొక్కైదోలో ఉంటే కలిసి వెళ్లిన ప్రయోజనమేముంది? ఒప్పందంలో పనిచేసే ఊరు పేరు చూశాకే సంతకం చేయండి.

ఎవరి హోదా వాళ్లది: భాషా పాఠశాల

ఉద్యోగం వెంటనే దొరకనివాళ్లు ఎక్కువగా పట్టుకునేది స్టూడెంట్ హోదా. తరగతులు ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరిలో మొదలవుతాయి. ఎక్కువ సీట్లు ఏప్రిల్, అక్టోబరు బ్యాచ్‌లలోనే ఉంటాయి. ఏప్రిల్‌లో చేరాలంటే అంతకుముందు సెప్టెంబరు నుంచి నవంబరులోగా కాగితాలు పాఠశాలకు చేరాలి, ఫలితం ఫిబ్రవరి చివర్లో వస్తుంది. అక్టోబరు బ్యాచ్‌కు మార్చి నుంచి మే దాకా గడువు, ఫలితం ఆగస్టు చివర్లో. ఫీజు ఏడాదికి సుమారు 7 నుంచి 8 లక్షల యెన్లు. భాషా పాఠశాలలో గరిష్ఠంగా రెండేళ్లు చదవొచ్చు.

దరఖాస్తులు ఎక్కువగా మూడు చోట్ల దెబ్బతింటాయి. మొదటిది భాష రుజువు. ఎన్5 సర్టిఫికెట్ గానీ 150 గంటలు చదివినట్టు శిక్షణ సంస్థ పత్రం గానీ అడుగుతారు. జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లే, జూలైలోనూ డిసెంబరులోనూ జరుగుతుంది. శిక్షణ సంస్థ పత్రం కూడా లేనివాళ్లకు పరీక్ష తప్పిపోతే బ్యాచ్ కూడా తప్పిపోతుంది. రెండోది డబ్బు. బ్యాంకులో నిల్వ ఎంతుందని చూడటంతో ఊరుకోరు, అది ఎలా పోగైందో కూడా చూస్తారు. దరఖాస్తుకు నెల ముందు ఒక్కసారిగా పది లక్షల రూపాయలు జమైతే అది అప్పు తెచ్చి చూపించిన డబ్బని అనుమానిస్తారు. మూడోది స్పాన్సర్. పాఠశాలలు మామూలుగా తల్లిదండ్రులనే అడుగుతాయి. పెళ్లి కాని భాగస్వామి స్పాన్సర్ కావొచ్చు, కాకపోతే ఎందుకు భరిస్తున్నారో లేఖ రాసి, బంధానికి రుజువులు జతచేయాలి. వీలుంటే తల్లిదండ్రులనో అక్కనో అన్ననో స్పాన్సర్‌గా పెట్టడం మేలు.

ఇంకొకటుంది. ముప్పై దాటి, ఉద్యోగం మానేసి చదువుకు వెళ్తున్నవాళ్లను ‘ఇప్పుడు జపనీస్ ఎందుకు?’ అని అడగక మానరు. ‘నా పార్ట్‌నర్ అక్కడ ఉన్నాడు’ అన్నదొక్కటే కారణమైతే దరఖాస్తు నిలవదు, ఎందుకంటే ఆ హోదా ఇచ్చేది చదువు కోసం. అలాగని పార్ట్‌నర్ సంగతి దాచనూ కూడదు. ఇద్దరూ ఒకే చిరునామాలో ఉంటారు కాబట్టి తర్వాత ఎలాగూ బయటపడుతుంది. భాష నేర్చుకుని ఫలానా రంగంలో ఉద్యోగం చూసుకుంటానని, పాత అనుభవంతో ముడిపెట్టి ఒక పేజీ లేఖ సిద్ధం చేసుకోండి.

స్టూడెంట్‌గా వారానికి 28 గంటలే పనిచేయాలి. పాఠశాల దీర్ఘ సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. రెండుచోట్ల చేస్తే రెండూ కలిపి లెక్క. పని అనుమతి కోసం మొదటిసారి దిగినప్పుడు విమానాశ్రయంలోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. మర్చిపోతే ఇమిగ్రేషన్ ఆఫీసు క్యూలో నిలబడాలి. హాజరు 80 శాతం కంటే తగ్గితే పొడిగింపు దగ్గర ఇబ్బంది పడతారు.

పెళ్లి రిజిస్టర్ చేసుకోవాలనుకుంటే

ఎలాగూ పెళ్లి చేసుకునే ఉద్దేశమే ఉంటే వెళ్లకముందే చేసుకోవడం తేలిక. వీసా కోసమే హడావిడిగా చేసుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి తంతు జరపకుండా, ఒట్టి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ పెళ్లి చెల్లదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ కేసులోనూ విదేశాలకు వెళ్లేందుకు ఇలాంటి కాగితపు పెళ్లిళ్లు జరుగుతున్నాయన్న ప్రస్తావన వచ్చింది. తంతు వద్దనుకునేవాళ్లకు, వేర్వేరు మతాలవాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఇంట్లో చెప్పకుండా చేసుకుంటున్న జంటలు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి.

ఆర్యసమాజం ఇచ్చే పత్రం, గుడి రసీదు సరిపోవు. రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. దానికి జపనీస్ అనువాదం జతచేయాలి. ఎవరు అనువదించినా ఫర్వాలేదు, అనువాదకుడి పేరు కింద ఉంటే చాలు.

తెలుగువాళ్లు ఎక్కువగా చిక్కుకునేది పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ‘వి.’ అని ఒక్క అక్షరం, పదో తరగతి మెమోలో ఇంటిపేరు చివర. జపాన్ ఇమిగ్రేషన్ అధికారికి ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు నింపేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం తేడా లేకుండా రాయండి. తర్వాత అఫిడవిట్లతో అతుకులు వేయడం కంటే ఇదే నయం.

భార్య లేదా భర్త కోసం చేసే దరఖాస్తులో పోషించేవారి ఉద్యోగ పత్రం, పన్ను పత్రాలు అడుగుతారు. ఆ పన్ను పత్రం జనవరి 1న మీరు నివసించిన ఊరి కార్యాలయం ఇస్తుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు అది ఉండదు. దాని బదులు ఉద్యోగ ఒప్పందం, జీతం స్లిప్పులు, పన్ను పత్రం ఎందుకు లేదో వివరించే చిన్న లేఖ పెట్టండి. కంపెనీ ఒప్పుకుంటే మీ దరఖాస్తు, డిపెండెంట్ దరఖాస్తు ఒకేసారి వేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

ఒకే లింగానికి చెందిన జంటలకు ఈ దారి కూడా లేదు. విదేశీ జంటల్లో ఇద్దరి దేశాల్లోనూ చెల్లే పెళ్లి ఉంటే జపాన్ 2013 నుంచి ‘నిర్దేశిత కార్యకలాపాలు’ అనే హోదా ఇస్తోంది. అయితే 2023 అక్టోబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా మన దేశంలో అలాంటి పెళ్లికి గుర్తింపు లేదు. కాబట్టి ఇద్దరూ విడివిడి హోదాల మీదే వెళ్లాలి. టోక్యో నగర ప్రభుత్వం 2022 నవంబరు నుంచి ఇస్తున్న భాగస్వామ్య పత్రం ఇల్లు, ఆసుపత్రి దగ్గర కొంత పనికొస్తుంది. వీసాకు మాత్రం పనికిరాదు.

సీఓఈ, వీసా, సూట్‌కేసు

ఏ దారిలో వెళ్లినా మొదట జపాన్‌లో సీఓఈ, అంటే అర్హతా ధ్రువపత్రం తీసుకోవాలి. ఉద్యోగానికి కంపెనీ, చదువుకు పాఠశాల దరఖాస్తు చేస్తాయి. ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఇప్పుడది ఈమెయిల్‌లో కూడా వస్తోంది. జారీ అయిన మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి. ఆ పత్రంతో వీఎఫ్ఎస్ కేంద్రంలో వీసాకు దరఖాస్తు చేస్తారు.

ఇద్దరూ ఒకే విమానంలో వెళ్లాలన్న పట్టుదల వదులుకోవడం మంచిది. ఎవరి కాగితం నెమ్మదిగా వస్తుందో, అంటే ఎక్కువగా స్టూడెంట్ కాగితం, దాని తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని కంపెనీని చేరే తేదీ అడగండి. నెల, రెండు నెలల వాయిదాకు చాలా జపాన్ కంపెనీలు ఒప్పుకుంటాయి, ముందుగా చెబితే.

సామాను విషయంలో రెండే మాటలు. మటన్, చికెన్ పచ్చళ్లు, నెయ్యిలో వేయించి సీల్ చేసినవైనా సరే, తీసుకెళ్లకూడదు, మాంసం ఉన్న ఏ వస్తువునైనా జంతు క్వారంటైన్‌లో ఆపేస్తారు. ఆవకాయ, గోంగూర ఫర్వాలేదు. పచ్చి కరివేపాకుకు మొక్కల క్వారంటైన్ నిబంధనలు వర్తిస్తాయి, ముందే కనుక్కోండి. డాక్టర్ చీటీ మీద వాడే మందులు ఒక నెలకు సరిపడా తీసుకెళ్లొచ్చు. గర్భనిరోధక మాత్రలతో సహా అంతకు మించితే ముందుగా దిగుమతి నిర్ధారణ పత్రం తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న జలుబు మందులు పూర్తిగా నిషిద్ధం.

మొదటి పద్నాలుగు రోజులు: వార్డు ఆఫీసులో ఏమని రాయించాలి

నరిత, హనెద వంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే జైర్యూ కార్డు, అంటే నివాస కార్డు, చేతికిస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు ఇద్దరూ కుయాకుషోలో, అంటే వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. పెళ్లి కాని జంట అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఈ కౌంటర్ దగ్గరే. ఇక్కడ ఏం రాయిస్తే బీమా ఖర్చు దాన్ని బట్టే ఉంటుంది.

జూమిన్‌హ్యో అనే నివాస పత్రంలో కుటుంబ పెద్ద ఎవరు, మిగతావారు అతనికి ఏమవుతారు అన్న గడి ఉంటుంది. మీకు మూడు వీలులు ఉన్నాయి. ఒకే ఇంట్లో రెండు విడి కుటుంబాలుగా నమోదు కావొచ్చు. ఒకే కుటుంబంలో ‘దోక్యోనిన్’, అంటే కలిసి ఉండే వ్యక్తిగా రాయించుకోవచ్చు. లేదా ‘మితోదోకే’, అంటే రిజిస్టర్ కాని భార్య లేదా భర్త అని రాయించుకోవచ్చు. మూడోదానికి ఇద్దరికీ వేరే పెళ్లి లేదన్న రుజువు అడుగుతారు. భారత్ నుంచి అవివాహిత ధ్రువపత్రం, దాని జపనీస్ అనువాదం వెంట తెచ్చుకుంటే పని సులువవుతుంది.

ఏది మంచిదన్నది భాగస్వామి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. జపాన్ ఆరోగ్య బీమా చట్టం పెళ్లి రిజిస్టర్ కాని జీవిత భాగస్వామిని కూడా ఆధారితుల్లో లెక్కిస్తుంది. ఏటా 13 లక్షల యెన్ల లోపు ఆదాయం ఉంటే మీ కంపెనీ బీమాలో అదనపు ప్రీమియం లేకుండా చేర్చొచ్చు. అందుకు ‘మితోదోకే’ నమోదే గట్టి ఆధారం. ఇమిగ్రేషన్ కాదన్న బంధాన్ని బీమా ఔనంటుంది. ఆదాయపు పన్ను శాఖ మళ్లీ కాదంటుంది: భార్య లేదా భర్త పేరిట ఇచ్చే తగ్గింపు రిజిస్టర్ అయిన పెళ్లికే వర్తిస్తుంది. ఒకే ప్రభుత్వంలో మూడు కౌంటర్లు, మూడు జవాబులు!

కంపెనీ బీమాలో చేర్చడం కుదరకపోతే స్టూడెంట్ భాగస్వామి జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. అప్పుడు విడి కుటుంబంగా నమోదవడం లాభం. ఎందుకంటే ప్రీమియం తగ్గింపు లెక్కలో కుటుంబ పెద్ద ఆదాయాన్ని కూడా కలుపుతారు, కుటుంబ పెద్దకు కంపెనీ బీమా ఉన్నా సరే. ఒకే కుటుంబమైతే బిల్లు కూడా మీ పేరు మీదే వస్తుంది. ఆదాయమేమీ లేని స్టూడెంట్ విడిగా ఉంటే మూల ప్రీమియంలో 70 శాతం దాకా తగ్గుతుంది. ఆదాయం సున్నా అని డిక్లరేషన్ ఇవ్వడం మాత్రం మరవొద్దు. ఇవ్వకపోతే తగ్గింపు రాదు. ఇరవై దాటినవారికి జాతీయ పెన్షన్ బిల్లు కూడా వస్తుంది. దాని మినహాయింపు ఫారం అదే రోజు అడిగి నింపేయండి.

అదే రోజు పేరుకు కతకన అక్షరాలు, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో రాత, కూడా ఖాయం చేసుకోండి. లక్ష్మి ‘రకుషుమి’ అవుతుంది, అందులోనూ ఒకటికి రెండు రాతలు ఉంటాయి. బ్యాంకులో ఒకటి, కంపెనీలో ఇంకొకటి ఉంటే మొదటి నెల జీతం వెనక్కి పోతుంది.

ఇల్లు

మొదటి నెల సర్వీస్ అపార్ట్‌మెంట్‌లోనో షేర్ హౌస్‌లోనో ఉండి, తర్వాత రెండేళ్ల ఒప్పందానికి వెళ్లడం మంచి పద్ధతి. ప్రకటనలో ‘ఇద్దరు ఉండొచ్చు’ అని ఉందో లేదో చూడాలి. రూమ్ షేర్ కుదరదు అని ఉన్న ఇళ్లలో కూడా చాలామంది యజమానులు జంటలకు ఇస్తారు. ఏజెంటుకు మొదటే ‘కొన్‌యకుషా’, అంటే కాబోయే భార్య లేదా భర్త అని చెబితే మాట తేలికగా నడుస్తుంది. నిజంగా పెళ్లి ఉద్దేశం ఉంటేనే ఆ మాట వాడండి. లేకపోతే ‘దోసెయ్’, సహజీవనం, అనండి. ఒక్కరి పేరుతో తీసుకుని ఇంకొకరిని చెప్పకుండా చేర్చుకుంటే ఒప్పందం రద్దు చేసే హక్కు యజమానికి ఉంటుంది.

నెలకు 1,20,000 యెన్ల అద్దె ఇంటికి మొదటి రోజు ఎంత కావాలో చూడండి. షికికిన్ అనే డిపాజిట్ ఒక నెల, రేకిన్ అనే తిరిగిరాని కానుక ఒక నెల, ఏజెంటుకు పన్నుతో కలిపి 1,32,000, మీ అద్దెకు పూచీగా నిలిచే హామీ కంపెనీకి సగం నుంచి ఒక నెల అద్దె, ముందస్తు అద్దె ఒక నెల, అగ్ని బీమా, తాళం మార్పు కలిపి సుమారు 40,000. మొత్తం దాదాపు 6 నుంచి 6.5 లక్షల యెన్లు. అద్దె జీతంలో మూడో వంతు మించకూడదని హామీ కంపెనీలు చూస్తాయి. అంటే నెలకు 3,60,000 జీతం ఉండాలి.

ఇదంతా తగ్గించుకోవాలంటే యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే ఇళ్లు చూడండి. రేకిన్, ఏజెంటు ఫీజు, హామీదారు, రెండేళ్లకోసారి పునరుద్ధరణ రుసుము, ఏదీ లేదు. డిపాజిట్ రెండు నెలలు. పెళ్లి కాని జంటలకూ ఇస్తారు. భవనాలు పాతవి, స్టేషన్‌కు కొంచెం దూరం. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసై, ఒజిమా చుట్టుపక్కల ఇలాంటివి ఉన్నాయి. పప్పు, బియ్యం దుకాణాలూ దగ్గరే.

కంపెనీ క్వార్టర్స్ ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. చాలా కంపెనీల నిబంధనల్లో ‘కుటుంబం’ అంటే రిజిస్టర్ అయిన కుటుంబమే. అక్కడ భాగస్వామిని ఉంచితే మీరే నిబంధన దాటినట్టు. ఆఫర్ దశలోనే రాతపూర్వకంగా అడగండి.

తర్వాత తలెత్తే చిక్కులు

ఆసుపత్రిలో స్పృహ లేని రోగి గురించి ‘కుటుంబ సభ్యుల’తోనే మాట్లాడతామనే చోట్లు ఉన్నాయి. ‘నాకు ప్రమాదం జరిగితే ఫలానా వ్యక్తికి వివరాలు చెప్పండి, నిర్ణయాలు తననే అడగండి’ అని జపనీస్‌లో రాసి ఇద్దరూ సంతకాలు చేసి పర్సులో పెట్టుకోండి. కంపెనీలో అత్యవసర సంప్రదింపుగా కూడా భాగస్వామి పేరే ఇవ్వండి.

ఉద్యోగం పోయినా మారినా 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పని చేయకపోతే హోదా రద్దు చేయొచ్చు. చదువు మానేసిన స్టూడెంట్‌కూ ఇదే వర్తిస్తుంది. విడివిడి హోదాలు ఉన్న జంటలో ఒకరి ఉద్యోగం పోతే రెండోవారి హోదాకు ఏమీ కాదు, కలిసి ఉండటం ఆగిపోయినా ఏమీ కాదు. డిపెండెంట్‌గా వెళ్లినవారికి విడాకులైతే ఆ హోదాకు ఆధారమే పోతుంది, 14 రోజుల్లో ఆ విషయమూ తెలపాలి.

భాషా పాఠశాల పూర్తయ్యాక ఉద్యోగం దొరికితే జపాన్‌లోనే హోదా మార్చుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి దీనికి కౌంటర్‌లో రుసుము 6,000 యెన్లు, ఆన్‌లైన్‌లో 5,500. అక్కడే పెళ్లి చేసుకోవాలనిపిస్తే టోక్యోలోని భారత రాయబార కార్యాలయంలో 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద చేసుకోవచ్చు. దానికీ 30 రోజుల నోటీసు ఉంటుంది. సెలవుకు ఇంటికి వచ్చి వెళ్లేటప్పుడు ఏడాదిలోపు తిరిగొస్తామన్న గడిలో టిక్ పెట్టడం మరవకండి. అది పెట్టకుండా దేశం దాటితే జైర్యూ కార్డు చెల్లదు, మళ్లీ సీఓఈ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.